ఏనుగు తుమ్మిన తర్వాత

పిల్లల ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుగారిది ఇరవై ఏళ్లుగా ఒకటే కథ. టోపీ చెవుల దాకా లాక్కుని, స్టూలు బల్ల దగ్గరికి జరుపుకుని, గొంతు సవరించుకుని "అనగనగా ఒక ఏనుగుకి జలుబు చేసింది" అంటూ మాస్కు పిల్లల ముక్కుకి ఆనిస్తారు. పాత రోజుల్లో ఏనుగు మూడుసార్లు తుమ్మితే గానీ పిల్లలు నిద్రపోయేవారు కాదు. పరిశోధనలు ముదిరి కొత్త మందులొచ్చాక ఒక్క తుమ్ముతోనే సరి. ఆ పైన కథ అడిగిన పుణ్యాత్ములు లేరు కనక ఆయనా అల్లుకోలేదు.

మొన్న ఒక ఆరేళ్ల పిల్ల గుండెకి రెండో విడత ఆపరేషన్ కోసం వచ్చింది. మాస్కుని అరచేత్తో నెట్టేసి, "పోయినసారి తుమ్మాక ఏమైందో చెప్పలేదు. చెప్తేనే పెట్టుకుంటా" అని భీష్మించుకు కూర్చుంది. చేతులు కడుక్కుని నిలబడ్డ సర్జన్‌గారు, "చెప్పండి సార్, నేనూ పదేళ్లుగా ఎదురుచూస్తున్నా" అన్నారు. నర్సులు చెవులు రిక్కించారు. డాక్టరుగారు టోపీ సర్దుకుని, "నిజానికి నాకూ తెలీదు తల్లీ" అని ఒప్పేసుకున్నారు. పిల్లకి జాలేసింది. "నాకు తెలుసులే, నేను చెప్తా" అని మాస్కు తనే ముక్కు మీదికి లాక్కుంది. "ఏనుగు తుమ్మిందా... ఆ తుమ్ముకి..." అంటూనే నిద్రలోకి జారుకుంది. ఆపరేషన్ చక్కగా జరిగింది గానీ థియేటర్లో అందరికీ కథ మీదే బెంగ. మర్నాడు పిల్ల కళ్లు విప్పేసరికి, కంగారుగా వంగిన తల్లి భుజం మీదుగా టోపీ పెట్టుకున్న తల ఒకటి తొంగిచూసింది.

"ఊఁ... ఆ తుమ్ముకి?"