విరజాజి దొంగ

మొన్న మా అబ్బాయి పెరటి గోడకి కెమెరా బిగించి, ఇక చీమ కూడా మనకి తెలియకుండా లోపలికి రాదమ్మా అన్నాడు. మంచిదే. కానీ అది సరిగ్గా మా విరజాజి పందిరి మీదికే చూస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. ఆ తీగ ఈనాడు మా ఇంట్లో ఉందంటే ఒక దొంగ చలవే మరి.

నా చిన్నతనంలో మేం కొత్తపేట దగ్గర గోదారి లంకలో ఉండేవాళ్లం. అమ్మ పెరట్లో ఏటా విత్తే పనే లేదు, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండేవే అన్నీ: స్నానాల నీళ్లు పారేచోట అరటీ కందా, కొబ్బరి నీడన తమలపాకు తీగ, ఎండ తగిలేచోట కరివేపాకు, దడి పొడవునా గోరింట. రాలిన ఆకుని మొదళ్లలో కప్పేదే కానీ తగలబెట్టనిచ్చేది కాదు. అడిగినవాళ్లకి పిలకో కొమ్మో ఇవ్వకుండా పంపేది కాదు, ఒక్క విరజాజి తప్ప. అది చనిపోయిన మా అమ్మమ్మ తన చేత్తో అంటుకట్టి ఇచ్చింది. దాని జోలికెళ్తే మా వీపులు విమానం మోతే.

ఒక ఏడు గోదారి మా పెరట్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. నీరు తీసేసరికి కొబ్బరిచెట్లు తప్ప అన్నీ కుళ్లిపోయాయి. అమ్మ ఆ విరజాజి మోడు దగ్గర కూర్చుని, పుట్టింటి ఆనవాలు పోయిందని ఏడ్చింది. నీరెక్కని మెరకవీధి వాళ్లు మాత్రం, ఎప్పుడో మా దగ్గర పట్టుకెళ్లిన మొక్కల పిలకలు ఒక్కొక్కరే తెచ్చి ఇచ్చారు. అందరికన్నా చివర ఒక పిన్నిగారు వచ్చి, కొంగుచాటున ఏదో పట్టుకుని గుమ్మంలోనే తటపటాయించారు.

"ఏమనుకోకండి అక్కగారూ, అడిగితే ఇవ్వరని, మీరు రేవుకెళ్లినప్పుడు ఓ కొమ్మ తుంచుకుపోయేనండి. దొంగిలించిన మొక్క బాగా బతుకుద్దంటారు కదండీ, బతికిందండి."

విరజాజి అంటు! అమ్మ ఒక్క క్షణం కళ్లెర్రజేసి, అంతలోనే "ఓసి దొంగా, ఎంత మేలు చేసేవే!" అని ఆవిణ్ణి కావలించుకుని మళ్లీ ఏడ్చింది. ఆ తర్వాత విరజాజి కూడా అడిగినవాళ్లందరికీ ఇచ్చింది. నా పెళ్లయ్యాక అమలాపురం తెచ్చుకున్నదీ ఆ తీగే.

ఇప్పుడు నర్సరీ ఆటో వీధిలోకే వస్తుంది; వాడిపోతే ఇంకోటి కొంటారు, ఒకరి పెరటితో ఒకరికి పనిలేదు. ఆ పిన్నిగారిని తలుచుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. మా అబ్బాయితో చెప్పి కెమెరాని పందిరి మీంచి పక్కకి తిప్పించేశాను, నాలుగు కొమ్మలు గోడ మీంచి వీధిలోకి వదిలాను. తుంచుకుపోయేవాళ్లే ఇంకా రాలేదు.