శ్రీకాకుళం డ్రైవులన్నీ నా బల్ల మీదే

ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా, ఎవరింట్లోనూ కన్నం వెయ్యకుండా, ఒక్క పూటలో ఊళ్లోని కంప్యూటర్ షాపులన్నిటినీ మూలన కూర్చోబెట్టడం ఒక్క మనిషికి సాధ్యమేనా? సాధ్యమే. నేను కూర్చోబెట్టాను. అదీ చనిపోయిన ఒక పెద్దాయన పాట కోసం. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. ఆ రోజు చర్చి చర్చంతా నవ్వింది, మీరో లెక్కా?

అప్పట్లో శ్రీకాకుళం బస్ కాంప్లెక్సు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. ఊరంతా విండోస్ వాడుతుంటే నేను లైనక్స్ వాడేవాణ్ణి. వాడి ఊరుకుంటే బాగుండేది. టీ కొట్టు దగ్గర ఎవరైనా "వాన పడేటట్టుంది" అంటే, "పడితే పడనీ, లైనక్స్‌కి వైరస్ రాదు తెలుసా" అనేవాణ్ణి. నన్ను చూస్తే టీ కొట్టు ఖాళీ అయ్యేది.

ఒకరోజు పొద్దున్నే నా స్నేహితుడు యాకోబు వచ్చాడు. సముద్రం ఒడ్డున ఊరు, చేపల వ్యాపారం. వాళ్ల నాన్న దావీదు మావ పోయి అప్పటికి ఏడాది. సాయంత్రం నాలుగింటికి వాళ్ల చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. మావ గొంతు గురించి మీకు చెప్పాలి. ఆయన ఒడ్డున పాడితే నడిసముద్రంలో వల లాగేవాళ్లు తాళం వేసేవారు. ఆ గొంతు ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క చోట, కూతురి పెళ్లి వీడియో డిస్కులో, ఒక్క పాటగా.

"అమ్మకి ఒకటే కోరిక బావా. ఆ పాట కూడికలో ఇనాల. మా సర్చి మైకు సెట్టుకి పెన్ డ్రైవే పడతాది. డిస్కులోంచి తీసి ఇందులో ఎక్కించీ."

"ఓస్ అంతేనా! టీ తాగు. గ్లాసు కింద పెట్టీలోగా అయిపోతాది."

నిజంగానే అయిపోయేది, నా చేతులు నా మాట విని ఉంటే. నా కంప్యూటర్లో పాత డిస్కు డ్రైవు చక్కగా పనిచేస్తోంది. కాకపోతే ట్రే బయటికొచ్చేటప్పుడు ఈనుతున్న ముసలి గేదెలా మూలిగేది. అంత పెద్దాయన పాటను ఈ మూలుగులో పెట్టడం మర్యాద కాదనిపించింది. దాన్ని పీకేసి అమ్మకానికి ఉంచిన కొత్త డ్రైవు బిగించాను. అక్కడితో ఆగానా? మూలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని పాతదాన్ని స్క్రూడ్రైవరుతో విప్పాను. విప్పాక అది ఈకలు పీకిన కోడిలా పడి ఉంది. మళ్లీ కోడి అయ్యే ఆశ లేదు.

కంప్యూటర్ ఆన్ చేశాను. పాట తీసే ప్రోగ్రాం "సీడీరామ్ లేదు" అంది.

కొంచెం ఓపిక పట్టండి, ఇది అర్థమైతేనే నా మూర్ఖత్వం రుచి పూర్తిగా తెలుస్తుంది. లైనక్స్‌లో ప్రతి డ్రైవుకీ ఓ అసలు పేరుంటుంది, దాన్ని చూపించే లింకు ఒకటుంటుంది. ఆ లింకు ముద్దుపేరు లాంటిది. ప్రోగ్రాములకు ముద్దుపేరే తెలుసు. "సీడీరామ్!" అని పిలుస్తున్నాయి, ఎవరూ పలకడం లేదు.

"డ్రైవు పోనాది" అని తేల్చేశాను. అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన డ్రైవు ఎలా పోతుందని నా బుర్రకి తట్టలేదు.

పక్క షాపు గణపతిని అడిగాను. మా వైపు మనిషి వచ్చి వస్తువు అడిగితే ఎందుకని అడగరు. తన కంప్యూటర్ విప్పి డ్రైవు చేతిలో పెట్టాడు. తెచ్చి బిగించాను. సీడీరామ్ లేదు. ఇదీ పోయిందన్నమాట! ఎదురు షాపుకు వెళ్లాను. ఇచ్చాడు. లేదు. ఆ వెనక వీధి, ఆ పై వీధి. అందరూ ఇస్తూనే ఉన్నారు, నేను బిగిస్తూనే ఉన్నాను, కంప్యూటర్ లేదంటూనే ఉంది.

"ఏటి బావా, ఊళ్లో అన్నీ ఒక్కరోజే సచ్చిపోనాయేటి?" అన్నాడు యాకోబు.

"నాసిరకం సరుకురా. నువ్ కూకో."

"కూకుంటే కాళ్లు లాగతన్నాయి. నిల్సుంటే గుండె లాగతాంది."

అంతలో వాడి ఫోను మోగింది. వాళ్లమ్మ రాహేలత్త. స్పీకరు పెట్టకపోయినా ఆవిడ మాట షాపంతా వినిపిస్తుంది.

"ఒరే, పాట దొరికినాదేటి?"

"దొరకతాదమ్మా, రవణ బావ సూస్తన్నాడు."

"రవణేటి? ఓలమ్మ... దేవుడున్నాడులే" అని పెట్టేసింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. లింకు లేకపోతే నేనే కడతానని కూర్చుని, ఎప్పుడో నేర్చుకున్న పాత పేరు గుర్తుచేసుకుని లింకు కట్టాను. తెర మీద అది ఎర్రగా మెరిసింది. చూశావా అన్నట్టు యాకోబు వైపు తిరిగాను. తీరా అది మెరుపు కాదు, తిట్టు. నేను చూపించిన పేరుతో డ్రైవే లేదు. లేని ఇంటికి నంబరు పలక కొట్టానన్నమాట. పోనీ అని కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఆ పలక కూడా మాయమైంది.

"ఇంక నీకో దండం బావా. ఇంకో షాపుకెల్లి సేయించుకుంటాను" అని యాకోబు డిస్కు పట్టుకుని లేచాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు.

"ఏ షాపుకెల్లినా ఒకటే మాట! 'మా డ్రైవు రవణకిచ్చినాం, ఆడు తెస్తే సేస్తాం' అంతన్నారు. శ్రీకాకుళంలో డిస్కు పెట్టడానికి బొక్క లేకుండా సేసీసినావు కదరా నాయనా!"

వాడి వెనకే గణపతి, వాడి వెనక మిగతావాళ్లు. "రవణా, నా డ్రైవేది?" "నా కాడ పార్టీ కూకున్నాడు!" బల్ల మీద డ్రైవులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరిది ఏదో వాళ్లకే తెలియక నాది నాదంటూ లాక్కుంటున్నారు. ఆ గోలలో యాకోబు ఒక్కడూ ఓ మూలకి తప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నాకు నిజంగా చెమట పట్టింది.

ఆ చెమటలో, పొద్దున్నే చెయ్యాల్సిన పని చేశాను. అసలు ఏ లింకులు ఉన్నాయో చూశాను. సీడీరామ్ లేదు. సీడీరామ్-6 అన్న పేరుతో ఒకటి ఉంది!

మరి మిగతావి ఏవి? ఏ డ్రైవుకి ఏ ముద్దుపేరో కంప్యూటర్ రాసిపెట్టుకునే నియమాల ఫైలు తెరిచి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాలకొండ బస్సులో కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపుతారు చూడండి, నా కంప్యూటర్ ఆ పని చేస్తోంది. సీడీరామ్ అనే మొదటి సీటు నేను ముక్కలు చేసిన ముసలి డ్రైవుకి ఆపి ఉంచింది. పాపం, వస్తుందనే దాని నమ్మకం. తరవాత వచ్చిన ప్రతి డ్రైవునూ "ఇక్కడ మనిషున్నాడు, ఎనక్కెల్లు" అని ఒక్కో సీటు వెనక్కి నెట్టి, అక్కడా ఒక తువ్వాలు వేసింది. ఒక్క డ్రైవూ పోలేదు. అన్నీ బంగారాలే.

తువ్వాళ్లన్నీ తీసి పారేశాను. అంటే ఆ ఫైలు చెరిపేసి కంప్యూటర్ మళ్లీ వేశాను. షాపులవాళ్లంతా నా భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. సీడీరామ్ పలికింది! గణపతి ఈల వేశాడు. పాట ముందూ వెనకా కత్తిరించే తీరిక లేదు, విని చూసుకునే తీరికా లేదు. ఉన్నదున్నట్టు పెన్ డ్రైవులోకి లాగేసి, యాకోబు బండెక్కాం.

మేం వెళ్లేసరికి పాస్టరు గారు మాకోసమే ప్రార్థనను సాగదీసి సాగదీసి, పక్క జిల్లా అధికారుల క్షేమం దాకా వచ్చారు. ముందు వరసలో తెల్లచీరలో రాహేలత్త. పెన్ డ్రైవు పెట్టారు.

ముందు మైకు కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా కూసింది. తరవాత దావీదు మావ గొంతు, సాక్షాత్తూ ఆయనదే, గోడలు అదిరేలా వచ్చింది:

"ఎవుడ్రా ఆ మైకు కాడ? రవణగాడా? లాగండ్రా ఆడిని అవతలకి! బాగున్నదాన్ని బాగుసేత్తానంటాడు! ఆడి సెయ్యెట్టనియ్యకండ్రా!"

అవును. పెళ్లిరోజు మైకు శబ్దం మెరుగుపరుస్తానని తీగలు కదిపింది నేనే. ఆ సంగతి నేను మర్చిపోయాను, డిస్కు మర్చిపోలేదు.

పాస్టరు గారు భక్తిగా తల వంచుకున్నారు గానీ భుజాలు ఎగిరిపడుతున్నాయి. వెనక వరసలో మొదలైన నవ్వు ముందు వరసకు వచ్చి రాహేలత్త దగ్గర ఆగింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు ఆగలేదు. ఏడాదిగా నవ్వని మనిషి పకపకా నవ్వింది. నవ్వుతుండగానే మావ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. ఆ పాటంతసేపూ ఎవరి కళ్లూ పొడిగా లేవు.

పాట అయ్యాక మళ్లీ వెయ్యడానికి వెళ్లబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఒరే రవణా, పాట తరవాత. ముందు ఆ తిట్టు ఎయ్యరా. పాట దేవుడికి పాడినాడు. తిట్టిందే మా ఇంటాయన."

నా జీవితంలో మొదటిసారి, నన్ను తిట్టిన తిట్టును నా చేత్తో నేనే మళ్లీ మళ్లీ వేసి, ఊరందరికీ వినిపించాను. ఆ చర్చి మెట్ల మీద నిలబడి, సముద్రం వైపు చెయ్యి చాచి, ప్రమాణం చేశాను. బాగున్నదాన్ని బాగుచెయ్యను. మైకు గానీ, డ్రైవు గానీ, మనిషిని గానీ, ఈ జన్మకి బాగుచెయ్యను. ఒకవేళ నా చెయ్యి ఊరుకోకపోతే, పక్కన ఎవరున్నా సరే, దావీదు మావ ఆజ్ఞ ప్రకారం నన్ను అవతలకి లాగెయ్యవచ్చు. ఇందుమూలంగా అందరికీ అనుమతి ఇస్తున్నాను.