గోలెం లోపలి గోడ

పాపాయమ్మ తణుకు దగ్గర మా హైస్కూల్లో ఆయా. కాలవ నీళ్లు బిందెలతో మోసుకొచ్చి, గుడ్డలో వడకట్టి, వరండాలోని గోలెంలో నింపేది. పొడుగు కాడ గరిటెతో పిల్లలకు పోసేది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ గోలెంలో చెయ్యి పెట్టలేదు. అది షరతు. క్రైస్తవపేట మనిషి చేత నీళ్లు పోయిస్తారా అని ఊరి పెద్దలు గొడవ చేస్తే, ఆ షరతు మీద రాజీ కుదిర్చింది హెడ్మాస్టరునైన నేనే. ఎంత తెలివిగా చక్కబెట్టానో అని మురిసిపోయాను కూడా.

1979 వానాకాలంలో పిల్లలకు వరసగా టైఫాయిడ్ పట్టుకుంది. గోలెంలో బ్లీచింగు కలిపాం. వారం పాటు తగ్గి, మళ్లీ మొదలైంది. ఇదంతా ఆవిడ చేతి మహిమేనన్నారు పెద్దలు. శనివారానికల్లా తీసెయ్యమన్నారు. ఆ జీతం తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

"నా చెయ్యి నీళ్లకి తగల్లేదండి. మీకు తెలుసు గదండి" అంది పాపాయమ్మ. నేను బల్ల మీది నా మరచెంబు మూత తిప్పుతూ కూర్చున్నాను. సిగ్గేసింది.

శుక్రవారం, పెద్దలు కూడా ఉండగా, నేను పిలిపించిన డాక్టరు చంద్రరావు గారు వచ్చారు. తాను చేయించిన పరీక్షల్లో పాపాయమ్మకు ఏ జబ్బూ లేదని తేలిందన్నారు. చొక్కా చెయ్యి మడిచి, గోలెం లోపలి గోడను గోటితో గీకారు. వేలికి పాచిలాంటి జిగురు అంటుకుంది.

"ఇదండి మాస్టారూ వాటి కొంప! నీళ్లలో తేలే క్రిములు బ్లీచింగుకి చస్తాయి. గోడకి పట్టుకున్నవి ఇలా జిగురు కట్టుకుని, దాని చాటున బతికేస్తాయి. మందు లోపలిదాకా దిగదు. తరవాత కాసిని ఊడి మళ్లీ నీళ్లలో పడతాయి. గీకి తోమితేనే పోతాయండి. తోమి ఎన్నాళ్లయింది?"

"తోమాలంటే చెయ్యి పెట్టాలి గదండి" అంది పాపాయమ్మ.

పెద్దలు నా వైపు చూశారు. ఆ జిగురును పదకొండేళ్లు పెంచి పోషించింది నా రాజీయే.

"పెట్టమ్మా" అన్నాను.

ఆమె గోలెం ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో, భుజం దాకా చెయ్యి దించి, మూడుసార్లు తోమింది. కొత్త నీళ్లు నింపి, బ్లీచింగు కలిపింది. మొదటి గ్లాసు నేనే అడిగి తాగాను, అందరూ చూస్తుండగా.

ఖాళీ గ్లాసు అందుకుంటూ పాపాయమ్మ మెల్లగా అంది: "ఈ గోలెం నీళ్లు మీరు తాగడం ఇదే మొదలండి."

నిజమే. నా మరచెంబు రోజూ ఇంటి నుంచే వచ్చేది.