క్యోటోలో అత్తయ్యగారు ఎక్కిన కొండ

పోయిన ఆదివారం మా ఆఫీసులో పనిచేసే తెలంగాణ స్నేహితుడొకడు అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని మా ఇంటికి కాఫీకి వచ్చి, "అన్నా, మీ జపాన్ ప్లాన్ జర పంపరాదూ? ఏప్రిల్‌కి టికెట్స్ బుక్ చేసినం" అన్నాడు. ఫోన్‌లో వెతికి అక్కడికక్కడే పంపాను. ఆ ప్లాన్ వేసింది నేను కాదు, నా భార్య. టోక్యోలో నాలుగు రోజులు, క్యోటోలో నాలుగు, హిరోషిమా దగ్గర జింకలు తిరిగే దీవిలో రెండు. ఏ రైలు ఎక్కాలి, చేప తగలని భోజనం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ తెలుగులో టైప్ చేసి పెట్టుకుంది. టికెట్లు కొనేలోపే జబ్బు బయటపడింది. ఆమె పోయిన మరుసటి వసంతంలో, ఆమె రాసినది రాసినట్టు పాటించాలనుకుని ముగ్గురం బయలుదేరాం: నేను, అప్పుడే కాలేజీలో చేరిన మా అమ్మాయి, మా దగ్గరే ఉంటున్న మా అత్తయ్యగారు.

అత్తయ్యగారు బయలుదేరడమే మాకు ఆశ్చర్యం. కూతురు పోయాక ఆవిడ డాక్టరు దగ్గరికి తప్ప కారెక్కలేదు. నాతో మాటలు మొదటినుంచీ తక్కువే. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోవడానికే ఆవిడకి పదేళ్లు పట్టింది. చివరికి మా అమ్మాయి, "అమ్మమ్మా, నువ్వు రాకపోతే నేను కూడా పోను, సీరియస్‌గా" అని మొండికేస్తే సూట్‌కేసులో రైస్ కుక్కర్ సర్దుకున్నారు. అమెరికా ప్లగ్గు అక్కడ సరిపోయింది గానీ, కరెంటు బలం తక్కువ కావడంతో అన్నం తీరిగ్గా ఉడికేది. టోక్యో మెట్రోలో ఆవిడ నా వైపు వంగి, "ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడరేం? ఎవరైనా పోయారా?" అని గుసగుసగా అడిగారు. కోపమో వేళాకోళమో తెలియలేదు. నాలుగు రోజుల్లో ఆవిడ మెచ్చుకున్నది ఒక్కటే. చిన్న అంగడిలో కొన్న అన్నం ముద్ద మధ్యలో, ఉప్పులో ఊరిన ఎర్రటి పుల్లపండు ఒకటి తగిలింది. కళ్లు చికిలించి, నమిలి, "పోనీలే, వీళ్లకీ ఊరగాయ తెలుసు" అన్నారు.

క్యోటోకి వెళ్లే రైల్లో ఆ ప్లాన్ ఒకసారి చూపించమన్నారు. మంచు కప్పిన ఫ్యూజీ కొండ కిటికీలోంచి కనిపిస్తోందని మా అమ్మాయి చెప్తున్నా తలెత్తలేదు. ఒకచోట ఆగి, అదే వాక్యం రెండోసారి పైకి చదివారు: "ఎర్ర తోరణాల కొండ. అమ్మ కింద టీ కొట్టు దగ్గర కూర్చుంటుంది. మేం పైకి వెళ్లి వస్తాం."

"నన్ను కింద కూర్చోబెట్టిందా?"

"మీ మోకాళ్ల గురించి ఆలోచించిందండీ."

"నా మోకాళ్ల సంగతి దానికేం తెలుసు? దాన్ని కడుపులో పెట్టుకుని తిరుమల మెట్లన్నీ ఎక్కాను."

ఆవిడ ముఖం ఎర్రబడింది. సంవత్సరంగా మా ఇంట్లో ఎవరూ పోయినామె మీద కోప్పడలేదు. అందరం ఆమె గురించి గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటు చేసుకున్నాం. ఆ కోపం వినడం నాకు హాయిగా ఉంది. కొండ ఎక్కకపోతే మాత్రం ఆవిడ క్యారీకి తిరిగొచ్చి మళ్లీ తన గదిలోనే కూర్చుంటారని నాకు భయం వేసింది.

ఆ కొండంతా ఒక గుడి; కింది నుంచి శిఖరం దాకా తలుపుల్లేని గుమ్మాల్లాంటి ఎర్ర చెక్క తోరణాలే, ఒకదాని వెనక ఒకటి. మొదటి తోరణం దగ్గర ఆవిడ చెప్పులు విడిచి స్తంభం పక్కన జతగా పెట్టారు. రాళ్లు చల్లగా ఉన్నాయని చెప్పబోతే, "దేవుడి కొండ చెప్పులతో ఎక్కుతామా?" అన్నారు. పది నిమిషాలు నడిచామో లేదో, కింద మెట్లు ఊడుస్తున్న పెద్దాయన రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, నడుం వంచి, రెండు చేతులతో ఆ చెప్పులు అందించాడు. ఎవరైనా ఏదైనా విడిచి వెళ్తే అది మరిచిపోయిన వస్తువేనని, దాన్ని మనిషికి చేర్చాల్సిందేనని వాళ్ల నమ్మకం. అత్తయ్యగారు ఆయనకి దణ్ణం పెట్టి, ఆయన మలుపు తిరిగాక ఆ దేవుడికి కాపలాగా నిలబెట్టిన ఒక రాతి నక్క బొమ్మ పక్కన వాటిని మళ్లీ విడిచారు. ఈసారి ఇద్దరు స్కూలు పిల్లలు తెచ్చి ఇచ్చారు.

"ఈ ఊళ్లో చెప్పులు పోగొట్టుకోవడం కూడా కుదరదే! తిరపతిలో వదిలి చూడమను, దర్శనం అయ్యేలోపు వేరేవాళ్ల కాళ్లకుంటాయి."

"అమ్మమ్మా, నేను మోస్తా. నువ్వు వాక్ చెయ్యి, ప్లీజ్" అని మా అమ్మాయి వాటిని బ్యాగులో వేసుకుంది.

సగం దూరంలో ఊరంతా కనిపించే చోటు ఒకటుంది. చాలామంది అక్కడ ఫొటోలు తీసుకుని దిగిపోతారు. అత్తయ్యగారు బల్ల మీద కూలబడ్డారు. కుడి మోకాలు వాచింది. ఇక చాలు, దిగుదామన్నాను.

"మీకు అలుపొస్తే దిగండి అల్లుడుగారూ. కింద టీ కొట్టు ఉందిట."

మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆవిడ లేవబోయి లేవలేక కాసేపు తోరణాల వంక చూశారు. తర్వాత నా వైపు చూడకుండానే, "మీ చెయ్యి ఇటివ్వండి" అన్నారు. పెళ్లినాడు కన్యాదానంలో తప్ప ఆవిడ చెయ్యి నా చేతికి తగలలేదు. చిన్న చెయ్యి, పట్టు మాత్రం గట్టిది. పది మెట్లకి ఒకసారి ఆగాం. నా ముంజేతి మీద ఆవిడ గాజులు ఒత్తుకున్న గుర్తులు పడ్డాయి.

శిఖరం మీద చూడ్డానికి ఏమీ లేదు. చుట్టూ చెట్లు, నాచు పట్టిన రాళ్లు, ఎత్తు రాసిన చిన్న పలక. "అంతేనా? వ్యూ లేదా?" అంది మా అమ్మాయి నీరసంగా. అత్తయ్యగారు పలక ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"పైన ఏమీ లేదని మీ అమ్మ రాయలేదు. ఎలా రాస్తుంది? అది చూడలేదుగా! నేను చూశాను" అని పెద్దగా నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. కళ్లు తుడుచుకుని, "రేపటి ఊరికి రైలెన్నింటికి?" అని అడిగారు.

ఎక్కి దిగడానికి రెండు మూడు గంటలు చాలంటారు. మాకు ఆరు గంటలు పట్టింది. ఆ సంవత్సరం మిగతా రోజులు ఎలా గడిచాయో అడిగితే చెప్పలేను గానీ, ఆ ఆరు గంటల్లో ఏ నిమిషం ఎక్కడ ఉన్నామో ఇప్పటికీ చెప్పగలను.