ఓడిపోని పందెం నుంచి దేవుడు నన్ను లాగిన విధం

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికే మహిమ! నా పేరు సరోజన. మాది ములుగు రోడ్డు మీద ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం, పెళ్లయ్యాక వరంగల్‌లోని మట్టెవాడకు వచ్చి స్థిరపడ్డాను. నా భర్త రాజయ్య బస్సు కండక్టర్. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పిల్లలకు లాభనష్టాల పాఠం చెప్పే నోటితోనే నేను నా సొంత తమ్ముణ్ణి నష్టపోయే దారిలోకి పంపాను, ఆ సంగతి దాచకుండా చెప్పాలని వచ్చాను.

మీలో చాలామంది తాగుడు నుంచి విడిపించబడ్డారు, జబ్బుల నుంచి విడిపించబడ్డారు. నాకు తాగుడు లేదు, జబ్బు లేదు. నాకున్నది లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పదనే గర్వం.

మా అమ్మానాన్నలు పోయాక తమ్ముడు సమ్మయ్య మా ఇంట్లోనే ఉండేవాడు. ఎనభైల మొదట్లో క్రికెట్ పిచ్చి ఎట్లా పాకిందో మీకు తెలుసు, పాన్ డబ్బా దగ్గర రేడియో, మంగలి షాపులో రేడియో, ఎవరిని చూసినా స్కోరెంత అని అడిగేవాడే! సమ్మయ్య మెల్లగా పందేలు కాయడం మొదలుపెట్టాడు, ఓడిపోయాడు, ఒకరోజు నేను వాడి అంగీ ఉతకబోతే జేబులో రేట్లు రాసిన రెండు పందెం చీటీలు దొరికాయి. ఒకటి మట్టెవాడలో బట్టల దుకాణం వెనుక గదిలో పందేలు తీసుకునే ఒకాయనది, ఇంకొకటి కాజీపేటలో టీ హోటల్ నడిపే ఇంకొకాయనది. మంచి అక్కనైతే ఆ చీటీలు చించి పొయ్యిలో వేసేదాన్ని. నేనేం చేశాను? కూర్చుని లెక్క వేశాను!

మట్టెవాడలో అందరూ మన దేశం గెలవాలని మన మీదే కాస్తారు కాబట్టి, అవతలి జట్టు మీద కాసేవాళ్లకు ఆయన ఎక్కువ ఇస్తున్నాడు, వంద పెడితే రెండు వందల నలభై. కాజీపేటలో ఆయనకు రేటు హైదరాబాదు నుంచి వస్తుంది, అక్కడ మన జట్టు మీద వంద పెడితే రెండు వందల ఇరవై. అంటే ఇక్కడ అవతలి జట్టు మీద ఒక వంద, అక్కడ మన జట్టు మీద ఒక వంద పెడితే, ఎవరు గెలిచినా ఓడినా మన చేతికి పెట్టినదానికంటే ఎక్కువే వస్తుంది. వాన పడి ఆట ఆగిపోతే ఇద్దరూ డబ్బు వాపసు ఇస్తారు. ఇందులో ఓటమే లేదు!

సమ్మయ్యను పిలిచి కాగితం మీద చూపించాను. "ఇది జూదం కాదురా, లెక్క" అన్నాను. నన్ను నేను కూడా అట్లాగే నమ్మించుకున్నాను. నేను ఇంట్లో కూర్చుని ఎక్కడ ఎంత పెట్టాలో రాసిచ్చేదాన్ని, వాడు సైకిల్ మీద మట్టెవాడ నుంచి కాజీపేటకు తిరిగేవాడు. మొదటి మ్యాచ్‌కు డబ్బు వచ్చింది, రెండోదానికి వచ్చింది, మూడోదానికి వచ్చింది. నా భర్తకు ట్యూషన్ డబ్బులని చెప్పాను. సహోదరీలారా, భర్తకు మొదటి అబద్ధం చెప్పడమే కష్టం, తరువాత నోరు దానంతటదే తిరుగుతుంది!

పెట్టుబడి పెరిగితే లాభం పెరుగుతుంది కదా! నా గాజులు కుదువపెట్టాను. అది చాలలేదు. మా బడిలో ఎల్లమ్మ అని ఆయా ఉండేది, భర్త లేడు, ఇంటి మీద పెంకులు పగిలిపోయి వానకు కురుస్తుంటే రేకులు వేయించుకోవాలని రెండేళ్లు కూడబెట్టి రెండు వేలు చేసుకుంది. ఆమెతో, "ఆ డబ్బు ఒక నెల నాకియ్యి, రెండు వందలు కలిపి ఇస్తాను" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. టీచరమ్మ అడిగింది, అంతే, ఆమెకు అది చాలు.

ఆ వేసవిలో గల్ఫ్‌లో ఒక పెద్ద మ్యాచ్ జరిగింది. ఉన్నదంతా రెండు భాగాలు చేసి సమ్మయ్య చేతికిచ్చి, సగం ఇక్కడ, సగం అక్కడ అని రాసిచ్చాను. మన జట్టు ఓడిపోయింది. వీధంతా చావు జరిగిన ఇల్లులా ఉంటే నేను మాత్రం వంటింట్లో నవ్వుకుంటూ కూర తాలింపు వేశాను, ఎందుకంటే ఎవరు ఓడినా నేను ఓడను! ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల వంగిపోతుంది.

సమ్మయ్య ఆ సాయంత్రం రాలేదు, మరునాడు రాలేదు. మూడోనాడు నేనే ధైర్యం చేసి బట్టల దుకాణానికి వెళ్లి మా డబ్బు అడిగాను. ఆయన నా మొహం వింతగా చూసి, "మీ తమ్ముడు ఈ మ్యాచ్‌కు మా తాన పైసా పెట్టలే టీచరమ్మా. మొత్తం కాజీపేట్ల మనోళ్ల మీదనే పెట్టిండట. మీకు తెల్వదా? నాలుగు మ్యాచ్‌ల సంది ఒక్క దిక్కే కాస్తాండు, ఇన్నొద్దులు గెలిచిండు గనుక మీకు ఎర్కలే" అన్నాడు.

నేను వేసిన లెక్కలో అన్నీ ఉన్నాయి, రేటు ఉంది, వాన ఉంది, ఆట రద్దయితే ఏమిటన్నది కూడా ఉంది, కానీ నా తమ్ముడి మనసు లేదు! రెండు వైపులా తిరిగి గెలుపు డబ్బు చేతిలో లెక్కపెట్టుకునే పిల్లవాడికి లోపల ఎంత ఆకలి పుట్టిందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ రోజే నా భర్తకు అంతా చెప్పాను. ఆయన లేచి చొక్కా వేసుకుని, "ముందుగాల పిలగాన్ని దొరకబట్టాలె, మిగిలినయన్నీ తర్వాత" అన్నారు. డిపోలో తోటి కండక్టర్లందరికీ ఆనవాలు చెప్పారు. రెండు రోజుల తరువాత ఒక కండక్టర్, సమ్మయ్య ములుగులో దిగి అడవిలో బీడీల తునికాకు కోసే పనికి పోయేవాళ్లతో జీపెక్కాడని చెప్పాడు. నా భర్తకు సెలవు దొరకలేదు, నేను ఒక్కదాన్నే బస్సెక్కాను.

ములుగులో అడవి ఊళ్లకు పోయే జీపు నిండితే తప్ప కదలదన్నారు. ఎండ మండిపోతోంది, ఉదయం నుంచి నీళ్లు కూడా తాగలేదు, జీపుల అడ్డా పక్కనే చిన్న రేకుల ప్రార్థన మందిరం ఉంటే దాని నీడలో కూలబడ్డాను. అక్కడి పాస్టరుగారి భార్య రూతమ్మగారు నన్ను చూసి లోపలికి పిలిచి, అంబలి తాగించి, ఏమైందని అడిగారు. ఐదు రోజులుగా బిగబట్టిన ఏడుపంతా ఆమె ముందు బయటికి వచ్చింది. అన్నీ చెప్పాను. నాకు ప్రార్థన తెలియదు, అయినా చేతులు జోడించి, "దేవా, నా తమ్ముణ్ణి బతికించి చూపిస్తే, నా పుస్తెలతాడు కూడా అమ్మి నీ గుడికి ఇస్తాను" అన్నాను.

రూతమ్మగారు నా చేతులు పట్టుకుని ఆపారు. "దేవునితోని గూడ పందెం కాస్తానవా బిడ్డా?" అన్నారు. "నువ్వు ఇస్తే నేనిస్త అనుడు బేరం. ఆయన తాన నీకు బేరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

సహోదరులారా, ఆ మాట నాలోకి దిగిపోయింది! నేను ఆ మట్టి నేల మీద బోర్లా పడి, "ప్రభువా, నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. తప్పు నాదే, నా తమ్ముడిది కాదు. నువ్వు వాణ్ణి బతికించినా బతికించకపోయినా నేను ఇక ఆ చీటీ ముట్టను, ఎల్లమ్మకు నిజం చెబుతాను. నన్ను వదలకు" అని ఏడ్చాను. నా జీవితంలో ఏ లాభమూ ఆశించకుండా అడిగిన మొదటి మాట అది.

మధ్యాహ్నం మూడింటికి జీపు కదిలింది. రూతమ్మగారు తన పని వదిలేసి నాతో ఎక్కారు. రెండు ఊళ్లలో లేడన్నారు. మూడో ఊళ్లో ఆకు ఎండబోసే కల్లం పక్కన, పందిరి కింద, చలిజ్వరంతో వణుకుతూ నా తమ్ముడు కనిపించాడు! కూలీలు గోనెసంచులు కప్పారు పాపం. నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నాడు. "నన్నెందుకు ఎతుక్కుంట వచ్చినవే అక్కా, నీ పైసలన్నీ పోగొట్టిన" అన్నాడు. "పైసలకు రాలేదురా, నీ కోసం వచ్చిన" అని వాడి తల నా ఒడిలో పెట్టుకున్నాను.

అదే జీపులో ములుగు తెచ్చి, అక్కడి నుంచి వరంగల్ పెద్ద దవాఖానలో చేర్చాం. డాక్టర్లు మలేరియా తలకెక్కిందన్నారు. మూడు రోజులు వాడు మనిషిని గుర్తుపట్టలేదు. ఒక పక్క మందులు ఎక్కుతుంటే, ఇంకో పక్క నేనూ, కబురంది వచ్చిన నా భర్తా మంచం పక్కన మోకాళ్లూని ఒకే మాట ప్రార్థించాం, "ప్రభువా, నీ చిత్తం, మమ్మల్ని వదలకు." నాలుగోనాడు ఉదయం సమ్మయ్య కళ్లు తెరిచి, "బావా, ఆకలైతాంది" అన్నాడు. దేవునికే మహిమ! వార్డులో ఉన్నవాళ్లంతా మమ్మల్ని చూసేటట్టు ఏడ్చాం!

కోలుకున్నాక వాడు నాతో ఒక మాట అన్నాడు. "అక్కా, నువ్వు ఇరవై వస్తయని రాసిస్తివి. గానీ గాడ కూసుంటే వెయ్యిలు కండ్లముందట తిరుగుతాంటయి. ఇరవై కోసం ఎవరాగుతరే?" వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది నేనే.

బాగుపడటం ఒక్కరోజులో అయిందని చెబితే అబద్ధమవుతుంది. మొదట ఎల్లమ్మ ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "నీ మొఖం చూసి ఇచ్చిన టీచరమ్మా. జూదంల పెట్టుకుంటనని చెప్తే ఇద్దునా?" అని తలుపు వేసుకుంది. ఆ తలుపు ముందు నిలబడి నిశ్చయించుకున్నాను, వానలు పడకముందే ఆ ఇంటి మీద రేకులు ఉండాలి! కుదువపెట్టిన గాజులు తెగనమ్మాం, నా భర్త సైకిల్ అమ్మారు, రూతమ్మగారి సంఘం వాళ్లు అడగకుండానే కొంత చేర్చారు. జ్వరం నుంచి లేచిన సమ్మయ్య తన భుజాల మీదే రేకులు మోసి, మేస్త్రీ పక్కన నిలబడి బిగించాడు. మొదటి వాన పడిన రోజు ఎల్లమ్మ మా ఇంటికి వచ్చి, ఒక గ్లాసు చాయ్ తాగి వెళ్లింది. ఆమె నన్ను క్షమించిన తీరు అదేనని నాకు అర్థమైంది.

బడిలో హెడ్‌మాస్టరుకు కూడా నేనే చెప్పాను. ఆయన మరునాటి నుంచి రావద్దన్నారు. అది న్యాయమే. సరిగ్గా ఆ కష్టకాలంలోనే బట్టల దుకాణం ఆయన మా ఇంటికి వచ్చాడు. "టీచరమ్మా, మీరు బయటికి రావుడు వద్దు, జర ఇంట్ల కూసొని లెక్క చెప్పుండ్రి. మీ బడి జీతానికి రెండింతలు ఇస్త, ఫికర్ వద్దు" అన్నాడు. ఇంట్లో బియ్యం ఆ పూటకే ఉన్నాయి, నేను ఒక క్షణం తడబడలేదని చెప్పలేను! లోపల ప్రభువును పిలిచాను. "అన్నా, ఆ లెక్కల నా తమ్మున్ని మర్చిపోయిన. ఇంకోసారి మర్వ" అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు. నేను అరుగు మీద చాప పరిచి ట్యూషన్ మొదలుపెట్టాను. మొదటి నెల ముగ్గురు పిల్లలు వచ్చారు.

సమ్మయ్య సంగతి కూడా దాచను. ఐదు నెలలకు వాడు మళ్లీ ఒకసారి పడ్డాడు. కానీ ఈసారి పారిపోలేదు, చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, కాసిన. ఏం జెయ్యాలె?" అన్నాడు. ముగ్గురం మోకరించాం. ఆ రోజు నుంచి మ్యాచ్ ఉన్న ప్రతిరోజూ వాడు పొద్దున్నే తన జేబులోని డబ్బంతా వాళ్ల బావకిచ్చి పనికి పోతాడు, సాయంత్రం మాతో కలిసి ప్రార్థనలో కూర్చుంటాడు. ఇప్పుడు వరంగల్ నుంచి ములుగుకు జీపు నడుపుతున్నాడు. మూడేళ్లయింది, చీటీ ముట్టలేదు. ఇది మా బలమని అనుకోకండి, ప్రతి ఉదయం కొత్తగా అడిగి తెచ్చుకుంటున్నాం!

నా తమ్ముణ్ణి అడవిలో కాపాడినందుకు, నా గర్వాన్ని విరిచినందుకు, నా భర్త మంచితనాన్ని నాకు చూపించినందుకు ఆయనకు వేలవేల స్తోత్రాలు. సహోదరులారా, ఈ మధ్యాహ్నం మ్యాచ్ ఉందని మీలో కొందరికి తెలుసు. ఇప్పుడు ఇక్కడ కూర్చున్నా మనసు రేడియో దగ్గరున్నవాళ్లు ఉన్నారు, నేను ఓడిపోయే రకం కాదులే అనుకుంటున్నవాళ్లూ ఉన్నారు. మీ మొహాలు నాకు తెలుసు, అది నా మొహమే! ఈ ఆరాధన అయ్యాక ఒంటరిగా ఇంటికి పోకండి. మాతో మట్టెవాడకు రండి, అన్నం వండే ఉంది, సమ్మయ్య మీ పక్కనే కూర్చుంటాడు, ఆట అయిపోయేదాకా కలిసి ప్రార్థిద్దాం. ఆయనకు ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ లేకపోయినా సరే, వట్టి చేతులతోనే రండి.