వెనక చక్రం విప్పిన ఆదివారం

నా భర్త భూగర్భ గనిలో ఫిట్టరు. మేముండేది గోదావరిఖనిలో, కార్మికుల క్వార్టర్లలో. నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. వారమంతా ఆయన బాయిలో, అంటే గనిలో, పంపులూ మోటార్లూ విప్పి బిగిస్తాడు. ఆదివారం ఒక్కరోజైనా చేతులు ముడుచుకుని కూర్చుంటాడా అంటే కూర్చోడు. విప్పడానికి ఏదో ఒకటి కావాలి. దొరికింది మా మోటార్‌సైకిలు.

"బాయిల ఏనుగంత పంపును విప్పి బిగిస్త. గీ బండిని దుకాణంల ఇయ్యాల్నా? నలుగురు ఏమనుకుంటరు?" అంటాడు.

నలుగురూ ఏమీ అనుకోరు. నలుగురూ తమ బండ్లను మెకానిక్ దగ్గర వదిలేసి, ఇంటికొచ్చి కోడికూర తిని పడుకుంటారు. పైగా బాయిలో ఆయనకు సామాన్లందించే మనిషి వేరు, బరువులెత్తే యంత్రం వేరు, తప్పు చేస్తే తిట్టే ఇంజనీరు వేరు. ఇంట్లో ఆ మూడూ నేనే.

ఇన్నేళ్లలో నాకు తెలిసిందేమిటంటే, ఇంట్లో చేసుకునే బండి పనుల్లో మంచిదంటూ ఒక్కటీ లేదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడమే తీసుకోండి. మాకు దగ్గర్లోనే ఓపెన్‌కాస్ట్ గని. మట్టి మోసే బండ్లు పొద్దంతా తిరుగుతూనే ఉంటాయి. ఆ ఫిల్టర్‌ను గోడకేసి కొడితే లేచే నల్లదుమ్ము తిన్నగా నేను ఆరేసిన దుప్పట్ల మీదికి పోతుంది. ఫిల్టర్ తెల్లబడదు, దుప్పట్లు నల్లబడతాయి. ఇంజన్ ఆయిల్ మార్చడం ఇంకో వైభోగం. కింది నట్టు మొదట ఊడిరాదు. ఊడితే ఇక ఆగదు. ఆయిల్ గిన్నెలో తప్ప అన్ని చోట్లా పడుతుంది, ఆ గిన్నె కూడా నా వంటింటిదే. చైను సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో ఒక్కో లింకునూ తోముతూ మధ్యాహ్నమంతా గొంతుక్కూర్చుంటాడు. అంత ఓపిగ్గా ఆయన ఏనాడూ మా పాప జడ వేయలేదు. సోమవారం డ్యూటీకి పోయి వచ్చేసరికి ఆ చైను మళ్లీ బొగ్గు రంగులోకి తిరుగుతుంది.

వీటన్నిటినీ మించింది వెనక చక్రం విప్పడం. విప్పడానికి ఇద్దరు కావాలి, మళ్లీ పెట్టడానికి ముగ్గురు. మేమెప్పుడూ ఒకటిన్నర మందిమే. ఆ సగం నేను. నా పని ఒక్కటే, పట్టుకోవడం. బండిని పట్టుకోవాలి, నట్టును పట్టుకోవాలి, నోటిని కూడా పట్టుకోవాలి.

ఆ ఆదివారం పాత చైను సాగిపోయి టకటక కొట్టుకుంటోందని, కొత్త చైనూ పళ్లచక్రాలూ తెచ్చి వరండాలో పెట్టుకున్నాడు. బండి పెద్ద స్టాండుకు ఒక కాలు ఎప్పుడో వంగింది. దాని కింద ఇటుక ముక్క దోపాడు.

"ఇటుక జరుగుతది," అన్నాను.

"నువ్వు పట్టుకుంటె జరగది."

మా పక్కింటి పెద్దాయన రిటైరైన గని కార్మికుడు. మేమంతా కాక అంటాం. చర్చిలో భోజనాలు ముగించుకుని, మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాతో వస్తూ మా గేటు దగ్గర ఆగాడు. మగవాడు బండి విప్పుతుంటే మరో మగవాడు ఆగకుండా పోలేడు. చెయ్యి పెట్టడు, సలహా మాత్రం మానడు.

"గట్ల కాదుర బిడ్డా, అవుతలి దిక్కు నుంచి కొట్టు," అన్నాడు.

చక్రాన్ని పట్టి ఉంచే ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మా ఆయన ఇవతలి నుంచి కొట్టాడు, అవతలి నుంచి కొట్టాడు. అది బాయి పంపు కాదు కదా, వినలేదు. అప్పుడే ఓపెన్‌కాస్ట్‌లో సైరన్ మోగింది. బండరాళ్లు పేల్చే ముందు మోగే సైరన్ అది. మా గోదావరిఖనిలో ఉండేవాళ్లకు అది కొత్తేమీ కాదు. గాజుసామాను అల్మారాకు ఒక చెయ్యి ఆనించి మాట్లాడుకుంటూనే ఉంటాం.

"జరసేపు ఆగు. బ్లాస్టింగ్ అయినంక కొట్టు," అన్నాను.

"నీకు అన్నిటికీ ఫికరే," అని సుత్తి ఎత్తాడు.

నేల అదిరింది. సుత్తి పడింది. ఇటుక జారింది. ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. చక్రం ఒకవైపు దొర్లింది, బండి నా చేతుల్లోంచి జారి ఆయన కుడిచేతి మీద పడింది.

కాక తెల్లచొక్కా సంగతి మరిచి గేటు తోసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి బండిని లేపాం. రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ నర్సు దూదితో ఎంత తుడిచినా గాయమేదో గ్రీజేదో తెలియడం లేదు. ఆయన పెదవి కొరుక్కుంటూ కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ కాసేపు నాకు కోపం రాలేదు. గనిలోంచి ఎవరినైనా మోసుకొచ్చారంటే మా ఊళ్లో ప్రతి భార్యకూ గుండె ఆగుతుంది. ఇన్నేళ్ల సర్వీసులో మా ఆయన ఒక్కసారి కూడా అట్లా రాలేదు.

జ్వరానికి మందులు తీసుకోవడానికి వచ్చిన ఆయన షిఫ్టులో పనిచేసే తమ్ముడిలాంటి కుర్రాడొకడు కట్టు చూసి కంగారుపడ్డాడు. "ఏందన్నా గిది? ఏ బాయిల తాకింది?"

ఆయన నా వైపు చూశాడు.

"వరండాల," అన్నాను.

రెండు వేళ్లకూ ఎముక చిట్లిందన్నారు. డ్యూటీకి పోవద్దన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. పశ్చాత్తాపమేమో అనుకున్నాను. ఇంటి మలుపు తిరగగానే నోరు విప్పాడు.

"ఎట్లయితేంది, ఇరుసయితె వచ్చింది గదా."

నా కోపం నాకు తిరిగి వచ్చింది.

బండి వరండాలో అడ్డంగా పడి ఉంది. ఇంట్లోకి పోవాలన్నా, బయటికి రావాలన్నా దాన్ని దాటాలి. మెకానిక్‌కు ఫోను చేస్తే ఊరికి పోయానన్నాడు. మా ఆయన ఎన్ని రోజులని ఊరుకుంటాడు? ఒకనాడు బడి నుంచి వచ్చేసరికి ఎడమచేత్తో పానా పట్టుకుని నట్టుతో కుస్తీ పడుతున్నాడు. నేను సంచి కింద పెట్టి, పానా లాక్కుని, చీర కొంగు దోపుకున్నాను.

"నీతోని గాదు," అన్నాడు.

"నీతోని అయితె నాతోని ఎందుకు గాదు? కుర్చీల కూసో. నోరు మూసుకొని పట్టుకో."

"ఏం పట్టుకోవాలె?"

"నేనేం పట్టుకున్ననో అదే."

నేను బండిని లేపి స్టాండు వేశాక, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. నేను చక్రం కింద ఒక కాలు దోపి పైకి లేపాను. పళ్లచక్రాన్ని కూర్చోబెట్టాను. ఇరుసు దూర్చబోతే మధ్యలో ఉండే బుష్ అనే చిన్న ఇనుప గొట్టం జారి పడింది. మళ్లీ పెడితే మళ్లీ పడింది. దాన్ని పట్టుకుంటే చక్రం వంకర తిరుగుతుంది, చక్రాన్ని పట్టుకుంటే బ్రేకు పళ్లెం పక్కకు పోతుంది. మనిషికి రెండు చేతులేనని తెలియని వాడెవడో ఈ చక్రాన్ని తయారుచేశాడు. చైను కలిపే చిన్న క్లిప్పు నా చేతిలోంచి ఎగిరి తులసి కుండీలో పడింది. మట్టంతా జల్లెడ పట్టి వెతికాను. ఆయన కుర్చీలోంచి "గట్ల కాదు, గిట్ల" అంటూనే ఉన్నాడు. కాక గేటు దగ్గరికొచ్చి తనూ మొదలుపెట్టబోయాడు. కాక తెల్లచొక్కాకు అంటిన మరక పోలేదని ఆయన భార్య నాతో అప్పటికే చెప్పింది.

"కాకా, ఇంకో చొక్కా ఖరాబ్ చేస్కుంటవా?" అన్నాను. చొక్కా సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

పొద్దుగూకేలోపు చక్రం ఎక్కింది. తిరిగింది. బ్రేకు పట్టింది. నాకు సంతోషం కలగలేదు. నడుము పట్టేసింది, గోళ్లలో నలుపు దిగింది. మర్నాడు బడిలో చాక్‌పీసు పట్టుకుంటే పిల్లలు నా వేళ్లనే చూశారు. బండి పని చేస్తే మనసు కుదురుతుందని ఫోను వీడియోల్లో చెప్పేవాళ్లను ఒక్కసారి మా వరండాలో కూర్చోబెట్టాలి.

ఆయన వేళ్లు మానాక అదే బండి మీద గోదావరి దాటి మంచిర్యాలలో చుట్టాలింటికి పోయివచ్చాం. దారిలో చైను చప్పుడు చేయలేదు. అక్కడ అందరి ముందూ, "వెనక చక్రం మా ఆమెనే బిగించింది," అని చెప్పుకున్నాడు. చెప్పుకోవడం అంతటితో ఆగలేదు. బాయిలో కూడా చెప్పినట్టున్నాడు. ఒక ఆదివారం ఆ షిఫ్టు తమ్ముడు తన బండిని మా గేటు ముందు ఆపాడు.

"వదినె, నా బండి చైను సుత టకటక అంటున్నది. జర చూస్తవా?"

చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, మెకానిక్ దుకాణానికి దారి చెప్పాను. మూల మీద ఎడమకు తిరగమన్నాను. మా ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుని ఆ బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెటు?" అన్నాను.

"ఆ మెకానిక్‌కు చెప్పాలె గదా, ఎట్ల బిగించాల్నో."

బండి టకటకమంటూ మలుపు తిరిగింది. నేను లోపలికి వచ్చి, ఫ్యాను పెద్దగా పెట్టుకుని పడుకున్నాను.