గ్యారేజీ తాత పోయిన ఆదివారం

ఆ రోజుల్లో టీవీలో తుపాకులకు మనుషులంటే మహా మర్యాద. తూటాలు గోడలకు తగిలేవి, నీళ్ళ డ్రమ్ములకు తగిలేవి, జీపు చక్రాలకు తగిలేవి, పొరపాటున కూడా మనిషికి మాత్రం తగిలేవి కావు. కారు పల్టీలు కొట్టి బోర్లా పడితే లోపలున్న దొంగలు ఒక్కొక్కరే బయటికొచ్చి, బట్టలు దులుపుకుని, చేతులెత్తి వరుసగా నిలబడేవాళ్ళు. ఇంత క్రమశిక్షణ గల దొంగలను నేను మళ్ళీ చూడలేదు. (నా క్లాసులో పిల్లలకు ఇందులో సగం ఉన్నా చాలని అప్పట్లో అనిపించేది.)

అప్పుడు నేను కుందుర్పి దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో వాలంటీరు పంతులమ్మను. గుత్తిలో పుట్టి, రైళ్ళ కూతల మధ్య పెరిగి, డిగ్రీ పూర్తి చేసి, లోకమంతా తెలుసుననే ధీమాతో బస్సు దిగినదాన్ని. ఒక గొర్రెల కాపరి ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఇంటామెను అందరిలాగే నేనూ పెద్దమ్మ అనేదాన్ని. భర్త పోయాక మందను తానే మేపుకుంటూ ఇల్లు నడుపుతున్న మనిషి, మాట కటువు, నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఆ ఏడు వానలు పడక మేత దొరకలేదు. పొట్టేళ్ళను తెగనమ్మి, మిగిలిన డబ్బుతో ఆమె గడ్డి కొనలేదు, నలుపు తెలుపు టీవీ కొనింది. ఎందుకని అడిగితే, కరువు ఎట్లాగూ పోయేది కాదు, దాని ముందర నవ్వుకుంటూ కూర్చుంటే దానికే సిగ్గేస్తుందని చెప్పింది.

ఆదివారం సాయంత్రం, మంద దొడ్లోకి చేరే వేళకు ఆ సీరియల్ వచ్చేది. ఏ భాషలోంచో తెలుగులోకి మార్చిందన్నమాట. పెదవులు ఆగిపోయాక కూడా మాటలు వస్తూనే ఉండేవి. ఒక సన్నటి మాజీ సైనికుడు, ఒక లావుపాటి డ్రైవరు, ఇద్దరికీ కలిపి ఒక డొక్కు జీపు. వారానికొక దొంగల ముఠాను పట్టుకునేవాళ్ళు. అయితే మా ఊరి ప్రాణమంతా వాళ్ళిద్దరి మీద కాదు, గ్యారేజీ తాత మీద. జీపు ఆగిపోయిన ప్రతిసారీ ఆయన వచ్చి ఒక తన్ను తంతే బండి కదిలేది. కొట్లాట మొదలవగానే బల్ల కింద దూరేవాడు. అంతా సద్దుమణిగాక తల మాత్రం బయటపెట్టి “అయిపోయిందా?” అనేవాడు. ఆ ఒక్క మాటకు పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వేది. బడిలో లెక్కల క్లాసు ముగియగానే పిల్లలు బల్లల కింద నుంచి నన్నూ అదే అడిగేవాళ్ళు.

ఇంటి మీద యాంటెనా తిప్పే బాధ్యత పక్కింటాయనది. ఆయన్ను ఊరంతా యాంటెనా మామ అనే పిలిచేది. సీరియల్లో సగం ఆయన మిద్దె మీదే గడిపేవాడు. పైనుంచి “బొమ్మ వస్తాండాదా?” అని అడగడం, కింద నుంచి మేము “ఇంకొంచెం తిప్పు మామా” అనడం, ఆ గొట్టం పట్టుకునే కథంతా ఊహించుకోవడం, ఇదీ ఆయన ఆదివారం.

ఆ ఆదివారం కూడా గాలికి గొట్టం తిరిగిపోతే ఆయన పైనే ఉన్నాడు. కింద దొంగలు గ్యారేజీలో చొరబడ్డారు. తాత బల్ల కింద దూరాడు. పిండి బస్తాలు పగిలాయి, డ్రమ్ములకు చిల్లులు పడ్డాయి, లావుపాటి డ్రైవరు ఒక దొంగ మీద కూర్చున్నాడు, అందరం విరగబడి నవ్వాము. తరువాత అందరం ఆ మాట కోసం ఎదురుచూశాము. మాట రాలేదు. సైనికుడు నవ్వుతూనే బల్ల కిందికి వంగాడు. అతని నవ్వు కాస్త కాస్తగా ఆరిపోవడం చూపించారు. అంతసేపూ మోగిన వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. కారుతున్న డ్రమ్ములోంచి నీటి చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. తాత చొక్కా మీద నల్లటి మరక. సైనికుడు కళ్ళనీళ్ళతో తాత చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అంతే. ఆ వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

మిద్దె మీద నుంచి యాంటెనా మామ బొమ్మ వస్తోందా లేదా అని అరుస్తూనే ఉన్నాడు. బదులు రాకపోయేసరికి దిగివచ్చి, మా మొహాలు చూసి, “ఏమప్పా, కరెంటు పోయిందా?” అన్నాడు. పక్కనే టీవీలో సబ్బు నురగ తేలుతోంది.

సంగతి చెబితే ఆయన నమ్మలేదు. తాను గొట్టం ఎక్కువ తిప్పేసి ఉంటాడనీ, మధ్యలో వేరే స్టేషన్ బొమ్మ వచ్చి కలిసిపోయి ఉంటుందనీ వాదించాడు. బస్సుల దగ్గర, టీ హోటల్లో వారమంతా అదే వాదన. ఊరు రెండుగా చీలింది. తాత లేస్తాడనేవాళ్ళు కొందరు, లేవడనేవాళ్ళు కొందరు.

పిల్లలు బడిలో దిగాలుగా కూర్చుంటే చదువుకున్నదానిగా నేను రంగంలోకి దిగాను. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి, ఇదిగో టీవీలో రక్తమంటే ఇంతే, భయపడకూడదు అని పాఠం చెప్పాను. ఒకడు లేచి, టీవీలో రక్తం నల్లగా ఉంది కదా, ఇది ఎర్రగా ఉందేమని అడిగాడు. ముందు బెంచీ పాప ఇంకో అడుగు ముందుకేసింది. “నెత్తురు ఉత్తదే అనుకో టీచరమ్మా. ఆయప్ప ఏడ్సింది గూడ ఉత్తదేనా?” ఎక్కాలు చెప్పమన్నాను.

ఆ సాయంత్రం ఈ ముచ్చట నవ్వుతూ పెద్దమ్మకు చెప్పాను. ఆమె నవ్వలేదు. పాలు పట్టిస్తున్న గొర్రెపిల్ల నోట్లో సీసా సరిచేసింది.

“మా యన్న గూడ అట్లే పోయినాడు” అంది. “సంతలో రెండు గుంపులు కొట్టుకుంటాంటే, వద్దప్పా అని నడుమ పోయినాడు. ఆయనది ఏ గుంపూ కాదు. కొట్లాటంతా అయిపోయినాక, ఎవురి దారిన వాళ్ళు పోతాంటే, అప్పుడు చూసినారు మా యన్న పడిండాడని.”

అన్నాళ్ళూ టీవీలో కొట్లాట చూసి నవ్విన మనిషి ఆమె.

“సినిమాల్లో ఒకడు సస్తే డోళ్ళు వాయిస్తారు. నిజంగ సచ్చిన కాడ సప్పుడే ఉండదు. ఆ కథ రాసినోనికి ఎవురో చెప్పింటారు, లేదంటే వానికే తెలిసింటాది” అంది. అంతకు మించిన మెచ్చుకోలు ఆ సీరియల్ వాళ్ళకు ఎవరూ ఇచ్చి ఉండరు. పిండి బస్తాల మధ్య, పల్టీల మధ్య, పిల్లలు చూసే ఆటలో ఒక్క నిమిషం నిజం చెప్పే ధైర్యం వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరుసటి ఆదివారం పెద్దమ్మ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. యాంటెనా మామ గొట్టాన్ని ముందే తీగలతో బిగించి, మొట్టమొదటిసారి కిందే కూర్చున్నాడు. నేను మాత్రం టీవీ కన్నా పెద్దమ్మ మొహమే ఎక్కువ చూస్తున్నాను. తాతను లేపి కూర్చోబెడితే పెద్దమ్మ అన్నను వెక్కిరించినట్టు అవుతుంది. అసలు ఏమీ జరగనట్టు నడిపిస్తే అది ఇంకా అన్యాయం.

కథలో జీపు ఆగిపోయింది. ఇద్దరూ దాన్ని తోసుకుంటూ గ్యారేజీ దాకా వచ్చారు. తలుపు మూసి ఉంది. సైనికుడు మెట్టు మీద కూర్చున్నాడు, డ్రైవరు పక్కన కూర్చున్నాడు. కాసేపటికి డ్రైవరు లేచి జీపును ఒక తన్ను తన్నాడు. కదల్లేదు. అప్పుడు సైనికుడు లోపలికి పోయి పానాలు తెచ్చుకుని, చొక్కా చేతులు మడిచి, తానే బాగుచేయడానికి కూర్చున్నాడు.

“అట్ల” అంది పెద్దమ్మ, తనలో తాను అనుకున్నట్టు. “మర్నాడు గొర్రెలు మేతకు పోవాల గదా.”

జీపు కదిలింది, దొంగలు దొరికారు, మళ్ళీ ఎవరో పిండిలో పడ్డారు. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. అందరూ ఓరగా పెద్దమ్మ వైపు చూస్తున్నారు. ముందు ఆమే నవ్వింది, వీధి చివరిదాకా. ఆ తరువాత అందరం నవ్వాము. యాంటెనా మామ ఒక్కడు మాత్రం గొట్టం ఎందుకో కదిలినట్టుందని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని మిద్దెక్కాడు. బొమ్మ అద్దంలా ఉంది. ఆ మాట ఎవరూ ఆయనతో అనలేదు.

నాకు పర్మినెంటు ఉద్యోగం వచ్చి ఆ ఊరు వదిలేశాను. ఈ మధ్య స్టాఫ్ రూములో మా కొత్త టీచరు ఏదో సీరియల్ చావు గురించి మాట్లాడితే ఇదంతా చెప్పుకొచ్చాను. సైనికుడు బల్ల కిందికి వంగే చోటికి వచ్చేసరికి, ఎంత బాగా చెబుదామనుకున్నా, కథ ఆపి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయి గాభరాపడి, మంచినీళ్ళు అందించి, ఎంతైనా అది సీరియలే కదా మేడం అంది ఓదార్పుగా. తల ఊపి నీళ్ళు తాగాను. ఆమె వయసులో నేను కూడా అదే మాట, ఇంకా పెద్ద గొంతుతో, క్లాసంతటికీ చెప్పినదాన్నే కదా.